పేరు తెలిసింది, సరే. ఇప్పుడేం చేద్దాం? (ఆటిజంపై ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తి చెప్పండి. ఆటిజం అనే మాట ఇదివరకు విన్నవాళ్లు ఎంతమంది? బాగుంది, దాదాపు అందరూ ఎత్తారు. నేను స్పీచ్ థెరపిస్టుగా పని మొదలుపెట్టిన రోజుల్లో ఇదే ప్రశ్న అడిగితే జనం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

సరే, ఇంకో ప్రశ్న. మీరు ఏదో ఆఫీసులో క్యూలో నిలబడ్డారు. మీ ముందున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు ఉన్నట్టుండి రెండు చెవులూ మూసుకుని నేల మీద పడిపోయాడు. గొంతు చించుకుని అరుస్తున్నాడు. పక్కన వాళ్లమ్మ ఉంది. ఆ నిమిషంలో మీరేం చేయాలో మీకు కచ్చితంగా తెలుసా? తెలిసినవాళ్లు ఎత్తండి. ముగ్గురు. అందులో ఒకమ్మాయి మా సెంటర్‌లోనే పనిచేస్తుంది, ఆ చెయ్యి లెక్కలోకి రాదు. (నవ్వులు)

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆటిజం అనే పేరు ఇంటింటికీ చేరింది. పక్కనున్నవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది మాత్రం ఇంకా చేరలేదు. ఈ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడితే, పిల్లవాడితో పడే కష్టం కంటే చుట్టూ ఉన్న మనుషులతో పడే కష్టం గురించే ఎక్కువ చెబుతారు. పిల్లవాడి మెదడును మనం మార్చలేం. మన పద్ధతి మార్చుకోవడం మన చేతిలో పనే.

అసలు ఆటిజం అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. మెదడు తయారయ్యే దశలోనే మొదలయ్యే తేడా ఇది. మధ్యలో ఎక్కడో అంటుకునేది కాదు. నిర్ధారణ చేసేటప్పుడు నిపుణులు రెండు వైపులా చూస్తారు. ఎదుటివాళ్లతో మాట, చూపు, సైగ కలిపే తీరు ఒక వైపు. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం, ఒకే విషయం మీద విపరీతమైన ఇష్టం, రోజూ జరిగే వరస కాస్త మారినా తట్టుకోలేకపోవడం, శబ్దమో వెలుతురో స్పర్శో మామూలు కంటే ఎక్కువగానో తక్కువగానో తగలడం, ఇవన్నీ రెండో వైపు. రక్తపరీక్ష చేసి, స్కానింగ్ తీసి చెప్పేది కాదు. పిల్లవాణ్ని గమనించి, ఇంట్లోవాళ్లను అడిగి తేల్చాలి.

ఇది మనిషి మనిషికీ ఒక్కోలా ఉంటుంది. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకడు రైళ్ల టైమ్ టేబుల్ మొత్తం అప్పజెబుతాడు, వార్తలు చదివేవాళ్లలాగా మాట్లాడతాడు, కానీ తోటి పిల్లవాడు బంతి తెచ్చి ‘ఆడదామా’ అంటే ఏం చెప్పాలో తెలియక గోడ వైపు తిరిగిపోతాడు. ఇంకో అమ్మాయికి పన్నెండేళ్లు, ఒక్క మాట రాదు, స్నానానికీ బట్టలకీ సాయం కావాలి. ఇద్దరికీ ఉన్నది ఆటిజమే. ఒకప్పుడు వీటికి వేర్వేరు పేర్లుండేవి. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్, అంటే అక్కడి మానసిక వైద్యుల సంఘం, నిర్ధారణకు వాడే తన మాన్యువల్ ఐదో కూర్పులో వాటన్నిటినీ ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చింది. అందుకే దయచేసి ‘మీ వాడికి తక్కువ ఉందా, ఎక్కువ ఉందా’ అని అడగకండి. మాటలు ధారాళంగా వచ్చేవాడికి నిద్ర అసలు పట్టకపోవచ్చు. మాటే రాని అమ్మాయికి మీరనేదంతా అర్థమవుతూ ఉండొచ్చు. తక్కువ, ఎక్కువ అని ఏం చెబుతారు?

పసితనంలో ఎలా కనిపెట్టాలన్నది కొంచెం నిదానంగా చెబుతాను. ఇక్కడే చాలా ఇళ్లలో ఏళ్లు గడిచిపోతున్నాయి.

ఏడాది వయసు అటూ ఇటుగా చాలామంది పిల్లలు వేలుపెట్టి చూపించడం మొదలుపెడతారు. పైన విమానం పోతోందనుకోండి. మీ చంకలో ఉన్న పాప దాన్ని వేలుపెట్టి చూపిస్తుంది. చూపించి ఊరుకోదు. వెంటనే తల తిప్పి మీ మొహం చూస్తుంది, నువ్వూ చూశావా అన్నట్టు. మళ్లీ విమానం వైపు తిరుగుతుంది. మొత్తం కలిపి రెండు మూడు సెకన్ల పని, మనం పట్టించుకోం కూడా. కానీ తనకు కనిపించినదాన్ని ఇంకొకరితో పంచుకోవాలన్న కోరిక ఆ రెండు మూడు సెకన్లలోనే బయటపడుతుంది. మాటలు ఆ తర్వాత వచ్చి చేరతాయి. ఆటిజం ఉన్న పసివాడికి పై అరలో బొమ్మ కావాలనుకోండి. చాలాసార్లు వేలు చూపించడు. మీ మణికట్టు పట్టుకుని, మీ చెయ్యిని తీసుకెళ్లి ఆ అర దగ్గర పెడతాడు. మీ మొహం వైపు చూడడు. ‘మా వాడు చాలా తెలివైనవాడండీ, మాటలు రాకపోయినా చెయ్యిపట్టుకుని తీసుకెళ్లి కావాల్సింది ఇప్పించుకుంటాడు’ అని తల్లులు మురిసిపోతూ చెబుతుంటారు. తెలివైనవాడే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ పని చూస్తే మేం ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతాం.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపలేకపోవడం చూస్తే ఆలస్యం చేయకండి. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే మరీ తొందరపడాలి. ‘అమ్మ, తాత అనేవాడు, ఇప్పుడు మానేశాడు’ అని తల్లి చెబితే ఆ మాటను అక్కడే పట్టుకోవాలి. ముందు చెవుల పరీక్ష చేయించాలి, వినికిడి లోపం వల్ల కూడా పిల్లలు పలకరు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎమ్-చాట్ అనే ప్రశ్నల పట్టిక ఉంది. 20 ప్రశ్నలు, అవును, కాదు అని తల్లిదండ్రులే నింపొచ్చు. అది ఆటిజాన్ని నిర్ధారించే పరీక్ష కాదు, నిపుణుల దగ్గరికి వెళ్లాలా వద్దా అని చెప్పే జల్లెడ మాత్రమే. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 18 నెలలకు ఒకసారి, 24 నెలలకు ఒకసారి ప్రతి పిల్లకూ ఆటిజం స్క్రీనింగ్ చేయాలని చెబుతుంది. అనుమానం ఉన్నవాళ్లకు అనలేదు, అందరికీ అంది. గమనించండి.

మరి ఇళ్లలో ఏం జరుగుతుంది? తల్లికి ఎక్కడో మనసు కీడు శంకిస్తుంది. బయటికి చెబితే నలుగురూ నాలుగు మాటలంటారు. ‘మగపిల్లలకు మాటలు లేటే’, ‘వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ రాలేదు’, ‘ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టావు, అదే కారణం’. ఫోన్ తగ్గించడం ఎవరికైనా మంచిదే, నాక్కూడా. (నవ్వులు) కానీ ఫోన్ తీసేసి ఆర్నెల్లు చూద్దాం, బడిలో వేసి ఇంకో ఏడాది చూద్దాం అనుకుంటే ఆ కాలం తిరిగి రాదు. మాటలు నిజంగానే లేటుగా వచ్చే పిల్లవాడైతే పరీక్ష చేయించడం వల్ల పోయేదేమీ లేదు. అలా కాక ఆటిజమే అయి, పరీక్ష చేయించకపోతే పోయేది చాలా ఉంది. పెద్దవాళ్లు ధైర్యం చెబుతున్నామనుకుంటారు. నిజానికి ఆ తల్లి కాళ్లకు అడ్డం పడుతున్నారు.

తల్లి మాట వచ్చింది కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం. 1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఒక పత్రం రాశాడు. ఆటిజం గురించి చెప్పేటప్పుడు అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. నిజానికి అంతకు ముందే, 1925లో, గ్రున్యా సుఖరేవా అనే సోవియట్ డాక్టరు ఇలాంటి పిల్లల గురించి రాసింది. ఆమెను చాలాకాలం పట్టించుకున్నవాళ్లు లేరు. కానర్ పుట్టుకతో వచ్చిన తేడా అని రాస్తూనే, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువగా కనిపించిందని కూడా రాశాడు. ఆ మాటను తర్వాతివాళ్లు పట్టుకున్నారు. తల్లి ప్రేమ చూపించక పిల్లవాడు ఇలా అయ్యాడని, ‘రిఫ్రిజిరేటర్ తల్లులు’ అని పేరు పెట్టి మరీ ప్రచారం చేశారు. అమెరికాలో ఇలాంటి పిల్లల కోసం బడి నడిపిన బ్రూనో బెటల్‌హైమ్ అందులో ముందున్నాడు. పిల్లవాడి కోసం నిద్ర మానుకున్న తల్లిని పట్టుకుని, తప్పు నీదే అన్నారు, అదీ డాక్టరు గదిలో కూర్చోబెట్టి.

దీన్ని గట్టిగా ఎదిరించిన తొలివాళ్లలో బెర్నార్డ్ రిమ్‌లాండ్ ఒకడు. సైకాలజిస్టు, పైగా ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి. ఇది జీవసంబంధమైన తేడా అని 1964లోనే వాదించాడు. 1969లో తల్లిదండ్రుల సభకు వచ్చి, మీ తప్పేమీ లేదని కానరే స్వయంగా చెప్పాల్సి వచ్చింది. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవాళ్లకూ ఉన్న జతలు కనిపించాయి, వేరు పోలికలున్న కవలల్లో అలాంటి జత ఒక్కటీ లేదు. వంశపారంపర్యం పాత్ర ఎంత పెద్దదో అప్పటి నుంచి ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. సైన్సు తేల్చి యాభై ఏళ్లు కావస్తోంది. ఇంట్లో, వీధిలో మాత్రం ‘నువ్వు ఉద్యోగానికి వెళ్లడం వల్లే’, ‘కడుపుతో ఉన్నప్పుడు నువ్వు టెన్షన్ పడటం వల్లే’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. బెటల్‌హైమ్ పేరు వాళ్లు వినలేదు. అంటున్నది మాత్రం ఆయన మాటే.

టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న పుకారు సంగతి త్వరగా ముగిస్తాను, దానికి అంతకంటే సమయం ఇవ్వడం నాకిష్టం లేదు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు 12 మంది పిల్లల మీద ఒక పత్రం ప్రచురించి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎమ్ఎమ్ఆర్ టీకా మీద అనుమానం రేపాడు. అందులో సమాచారాన్ని తారుమారు చేశారని బయటపడింది. 2010లో, ఆ పత్రాన్ని ప్రచురించిన వైద్య పత్రిక లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది బ్రిటన్‌లో డాక్టర్ల రిజిస్టర్ నుంచి ఆయన పేరు తీసేశారు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ఫలితం ప్రచురించారు. టీకా వేయించుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదు. ఆ పుకారు నమ్మి టీకా మానేసిన చోట్ల తట్టు మాత్రం తిరిగొచ్చింది.

‘నయం చేస్తాం’ అని బోర్డు పెట్టేవాళ్ల గురించి కూడా ఒక హెచ్చరిక. శరీరంలోంచి లోహాలు తీసేస్తామని చెలేషన్ అనే చికిత్స చేస్తే 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఒక చిన్నారి ప్రాణం పోయింది. మిరకిల్ మినరల్ సొల్యూషన్ పేరుతో బ్లీచింగ్ ద్రవం లాంటిది తాగించేవాళ్లున్నారు, అది తాగొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. ఆటిజాన్ని తీసేసే మందు ఇప్పటివరకు లేదు. మూర్ఛలు, నిద్ర పట్టకపోవడం, ఆందోళన లాంటివి తోడుగా ఉంటే వాటికి మందులున్నాయి. మాట, ఆట, రోజువారీ పనులు నేర్పే థెరపీలున్నాయి. తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఎలా చేయాలో చూపించే థెరపిస్టు దొరికితే వదలకండి. తలుపు వేసేసి, గంట తర్వాత రండి అనేవాళ్లయితే, లోపల ఏం చేస్తున్నారని అడగండి. అడిగే హక్కు మీకుంది.

‘ఈమధ్య ఈ కేసులు ఎక్కువైపోయాయి కదా?’ అని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే ముందే చెప్పేస్తున్నా. ప్రపంచవ్యాప్తంగా 2021లో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల లెక్క తీసుకుంటే 2000లో 150 మందిలో ఒకరు, 2022లో 31 మందిలో ఒకరు. చూడగానే గుండె గుభేలుమంటుంది. కానీ ఈ మధ్యలో నిర్వచనం విశాలమైంది, చిన్న వయసులోనే పరీక్షలు మొదలయ్యాయి, ఒకప్పుడు ‘మొండిది’, ‘బిడియస్తురాలు’ అని వదిలేసిన ఆడపిల్లలను ఇప్పుడు గుర్తిస్తున్నారు. పెరుగుదలలో చాలా భాగానికి ఇవే కారణాలు. మన చిన్నప్పుడు కూడా క్లాసులో ఒంటరిగా కూర్చుని, పెన్సిళ్లన్నీ వరసగా పేర్చుకునే పిల్లవాడు ఉండేవాడు. మాస్టారి దెబ్బలు తినేవాడు. వాణ్ని ఏ లెక్కలోనూ ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడు క్యూలో అరుస్తున్న పిల్లవాడి సంగతి.

మనలో చాలామందికి శబ్దాలు, వెలుతురు, వాసనలు వెనక్కి తగ్గి ఉంటాయి. ఈ హాల్లో ఫ్యాను చప్పుడు ఉంది, నేను చెప్పేదాకా మీరు వినలేదు. ఆటిజం ఉన్న చాలామందికి అది తగ్గదు. ట్యూబులైటు గుయ్యిమనే చప్పుడు, చొక్కా కాలరు వెనక గుచ్చుకునే లేబుల్, పక్కవాళ్ల సెంటు వాసన అన్నీ ఒకే బలంతో వచ్చి పడతాయి. నాకు తెలిసిన ఒక అబ్బాయి ఏ కొత్త భవనంలోకి వెళ్లినా బాత్రూమ్ గుమ్మంలో ఆగి ముందు గోడలు చూస్తాడు. చేతులు ఆరబెట్టే మెషీను ఉందా లేదా అని. ఉంటే లోపలికి అడుగుపెట్టడు, ఎంత అవసరమైనా సరే. ఆ మెషీను ఎప్పుడు, ఎవరు ఆన్ చేస్తారో తెలియదు కదా. వాళ్లమ్మ పేపర్ నాప్‌కిన్లు బ్యాగులో పెట్టుకుని, లోపల ఎవరూ లేరని చూసుకుని తీసుకెళుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు ‘బాత్రూమ్ దగ్గర పేచీ పెట్టే మొండి పిల్లాడు’ కనిపిస్తాడు.

ఇలాంటివి పొద్దుటి నుంచి ఒకదాని మీద ఒకటి పేరుకుని, తట్టుకోలేని ఒక దగ్గర ఆ పిల్లవాడు కూలిపోతాడు. మేం దాన్ని మెల్ట్‌డౌన్ అంటాం. పేచీకీ దీనికీ తేడా ఉంది. పేచీ పెట్టే పిల్లవాడు మధ్యమధ్యలో ఓరకంట అమ్మను చూస్తాడు, బొమ్మ కొనిస్తే ఏడుపు ఆగిపోతుంది. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాడు ఎవరినీ చూడడు, ఏమిచ్చినా ఆగదు. ఆపాలని తనకూ ఉంటుంది, తన చేతిలో ఉండదు. పెద్దయ్యాక దీని గురించి చెప్పినవాళ్లు, తర్వాత రోజంతా ఒళ్లు హూనమైనట్టు ఉంటుందని, జనం చూశారన్న సిగ్గు దానికి తోడని చెబుతారు.

అప్పుడు మీరేం చేయాలి? గుమిగూడకండి. ఫోన్ తీసి వీడియో అస్సలు తీయకండి. పిల్లవాణ్ని ముట్టుకోకండి, నీళ్లు చల్లకండి, ‘అంకుల్‌కి చెబుతా ఉండు’ అని బెదిరించకండి. ‘ఒక్కటి తగిలిస్తే దారికొస్తాడు’ అన్న సలహా నోటిదాకా వస్తే మింగేయండి. చుట్టూ ఉన్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరగాలి. టీవీయో పాటో మోగుతుంటే ఆపమనండి, లైటు తగ్గించగలిగితే తగ్గించండి. ఒక్కరు మాత్రమే, ఒక్కసారి మాత్రమే, తల్లి దగ్గరికి వెళ్లి నెమ్మదిగా ‘ఏమైనా సాయం కావాలా అమ్మా?’ అని అడగండి. వద్దంటే సరే అని పక్కకు రండి. చిన్న పిల్ల ఇంకొకరు ఉంటే కాసేపు చూసుకోమంటుందేమో, బ్యాగు పట్టుకోమంటుందేమో, తలుపు తెరవమంటుందేమో. అది చేయండి. అయిపోయాక క్యూలో ఆమె స్థానం ఆమెకుంచండి. ఇదీ సాయమంటే. ఇందులో ఒక్క రూపాయి ఖర్చు లేదు, డిగ్రీ అవసరం లేదు.

ఇంకో విషయం ప్రాణాలకు సంబంధించింది, కాబట్టి కాస్త గట్టిగా చెబుతాను. ఈ పిల్లల్లో చాలామంది ఉన్నట్టుండి ఇంట్లోంచి, బడిలోంచి వెళ్లిపోతుంటారు. నీళ్లంటే చాలామందికి విపరీతమైన ఆకర్షణ. అలా వెళ్లి నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు ఎందరో. మీకు తెలిసిన పిల్లవాడు కనిపించడం లేదంటే ముందు దగ్గర్లో నీళ్లున్న చోటు వెతకండి, సంపు, కొలను, కాలువ ఏదైనా. మిగతా చోట్లు తర్వాత. పేరు అడిగితే పలకకుండా ఒంటరిగా తిరుగుతున్న పిల్లవాడు కనిపిస్తే చుట్టుముట్టి ప్రశ్నలు గుప్పించకండి. ఒకరు దూరం నుంచి కనిపెట్టుకుని ఉండండి, ఇంకొకరు పోలీసులకు ఫోన్ చేయండి.

మాటల గురించి మాట్లాడకపోతే నా వృత్తికి అన్యాయం చేసినట్టే. మాట రానివాడికి అర్థం కాదు అనుకోవడం మనకు బాగా అలవాటు. వాడి ఎదురుగానే ‘పాపం, వీడు పెద్దయ్యాక ఎలాగో’ అంటాం. వింటున్నాడేమో! నోటితో మాట్లాడలేకపోయినా బొమ్మల కార్డులు చూపించి, ట్యాబ్‌లో మీటలు నొక్కి, టైపు చేసి చెప్పగలిగినవాళ్లున్నారు. ‘ట్యాబ్ ఇస్తే ఇక నోరు తెరవడేమో’ అని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. ఇలాంటి సాధనాలు మాటలను అడ్డుకోవని పరిశోధనలు చెబుతున్నాయి, కొందరికి మాటలు పెరిగాయి కూడా. అయితే ఒక జాగ్రత్త. చెయ్యి పట్టుకుని, ఇంకొకరే టైపు చేయించే పద్ధతి ఒకటుంది. అందులో వచ్చే మాటలు చెయ్యి పట్టుకున్నవాళ్లవేనని పరీక్షల్లో తేలింది. దాని జోలికి పోకండి.

కొందరు పిల్లలు మనం అన్నదే తిరిగి అంటారు. ‘నీళ్లు కావాలా?’ అంటే ‘నీళ్లు కావాలా?’ అంటారు. వెక్కిరింత కాదది. చాలాసార్లు ‘అవును, కావాలి’ అని చెప్పడానికి వాళ్లకు చేతికందిన వాక్యం అదే. గ్లాసు అందిస్తూ ‘నాకు నీళ్లు కావాలి’ అని వాడి తరఫున మీరు అనండి. కొన్నాళ్లకు ఆ వాక్యమే పట్టుకుంటాడు. ఒక టీచరు క్లాసులో అందరినీ నోటికి తాళం వేసుకోమంటే, మా దగ్గరికి వచ్చే పిల్లవాడు లేచి నిలబడి ‘తాళం ఎవరిస్తారు టీచర్?’ అని అడిగాడు. (నవ్వులు) మీరు నవ్వారు, క్లాసూ నవ్వింది. టీచరు మాత్రం పొగరనుకుని బయట నిలబెట్టింది. ‘ఇప్పుడు పది నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు’ అని ఉంటే పని జరిగిపోయేది. బడి మొత్తాన్ని తిరగరాయక్కర్లేదు. ఇవాళ ఏ పీరియడ్ తర్వాత ఏది వస్తుందో బొమ్మలతో ఒక కాగితం మీద గీసి బల్లకు అంటించండి, డ్రిల్ పీరియడ్ రద్దయితే పొద్దున్నే చెప్పండి, గంట కొట్టే గోడకు దూరంగా కూర్చోబెట్టండి. చేతులు ఊపుతున్నా ముందుకూ వెనక్కీ ఊగుతున్నా ఊగనివ్వండి. తనను తాను నిలబెట్టుకోవడానికి అలా చేస్తున్నాడు, ఎవరికీ దెబ్బ తగలనంతవరకు దాన్ని ఆపాల్సిన పనేమిటి?

మన వైపు నుంచే చూస్తాం కాబట్టి, లోపమంతా వాళ్లలో ఉందనుకుంటాం. డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో దీన్ని తిరగేశాడు. వాళ్లకు మనం అర్థం కాకపోవడం ఎంత నిజమో మనకు వాళ్లు అర్థం కాకపోవడం అంత నిజం, మరి ఒక్క వైపునే లోపం అనడం ఏమిటన్నాడు. 2020లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మొదటివాళ్లకు ఒక కథ చెప్పి, అది ఒకరి నుంచి ఒకరికి చేరవేయమన్నారు. ఆటిజం ఉన్నవాళ్లంతా కూర్చున్న వరసలో కథ, ఆటిజం లేనివాళ్ల వరసలో లాగానే చివరిదాకా చేరింది. వాళ్లలో వాళ్లు బాగానే మాట్లాడుకుంటున్నారు. నాకీ ఫలితం చాలా ఇష్టం, థెరపిస్టులకు కొంచెం ఇబ్బందే అయినా.

పెద్దవాళ్ల సంగతి మనం మరీ మరిచిపోతాం, పోస్టర్ల మీద ఎప్పుడూ పిల్లలే. ఆటిజం ఉన్న పిల్లలు పెరిగి పెద్దవాళ్లవుతారు కదా. కొందరు ఎదుటివాళ్లను చూసి చూసి ఎప్పుడు నవ్వాలో, ఎంతసేపు కళ్లలోకి చూడాలో కంఠస్థం చేసి నెట్టుకొస్తుంటారు. సాయంత్రానికి ఒంట్లో శక్తి ఉండదు. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. తన బిడ్డకు నిర్ధారణ అయిన రోజున, ఆ కాగితం చదువుతూ ‘మేడమ్, ఇదంతా నేనే కదా’ అన్న తల్లులున్నారు. ఉద్యోగాలిచ్చేవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే ఒక్క మాట. ఇంటర్వ్యూలో కళ్లలోకి చూడలేదని మార్కులు తగ్గించకండి. ప్రశ్నలు ముందే పంపండి, వీలైతే చేయాల్సిన పనే ఒక గంట చేయించి చూడండి. ఎలా కబుర్లు చెబుతారన్నది ఆ ఉద్యోగానికి అవసరమా అని ఒకసారి ఆలోచించండి.

కానర్ రాసిన 11 మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. 1933లో పుట్టాడు. మూడేళ్లప్పుడు డాక్టర్ల మాట మీద దూరంగా ఒక సంస్థలో చేర్పించారు. అక్కడ వాడిపోతున్నాడని ఏడాదికి తల్లిదండ్రులే తిరిగి ఇంటికి తెచ్చుకున్నారు. తర్వాత కొన్నేళ్లు ఒక రైతు దంపతుల దగ్గర పెరిగాడు. కాలేజీ డిగ్రీ చేశాడు, బ్యాంకులో ఉద్యోగం చేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒక్కడే దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆటిజం పోయిందా? లేదు. తనకు తెలిసిన మనుషులకు నంబర్లు పెట్టేవాడు, పలకరిస్తే ఒక్క ముక్కలో జవాబిచ్చి వెళ్లిపోయేవాడు. ఊరు దానికి అలవాటుపడింది. జర్నలిస్టులు ఆయన్ను వెతుక్కుంటూ వెళ్తే, ఆయన్ను బాధపెట్టారో మీ సంగతి చూస్తామని ఊళ్లో వాళ్లే హెచ్చరించారట. నిజాయితీగా ఇంకో మాటా చెప్పాలి. వాళ్లది డబ్బున్న కుటుంబం, ఆ బ్యాంకులో వాళ్లకు వాటా ఉంది. అదే ఊళ్లో పేదింట్లో, నల్లజాతి కుటుంబంలో పుట్టి ఉంటే ఈ కథ ఇలా ఉండేది కాదు. అందుకే ఊరి మంచితనం ఒక్కటే సరిపోదు. థెరపీ, బడిలో సీటు, పెద్దయ్యాక ఉండటానికి చోటు, ఇవి డబ్బున్నవాళ్ల అదృష్టం మీద వదిలేసేవి కావు, ప్రభుత్వాలు ఇవ్వాల్సినవి.

ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా ఐక్యరాజ్యసమితి 2007లో ప్రకటించింది, 2008 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు భవనాలకు నీలం లైట్లు వేస్తారు. నాకు దాని మీద కోపం లేదు. కానీ లైట్లు వేసిన ఆ భవనంలోనే జోరుగా పాటలు, మైకులో ఈలలు, ఆటిజం ఉన్న పిల్లలను వేదిక మీద నిలబెట్టి ఫొటోలు! పిల్లలు చెవులు మూసుకుని నిలబడతారు. అంతకంటే ఆ రోజు ఆ భవనంలో ఒక గది చప్పుడు లేకుండా ఉంచి, తలుపు మీద ‘ఇక్కడ కాసేపు కూర్చోవచ్చు’ అని రాసి పెట్టినా చాలు. మర్నాడు కూడా ఆ గది ఉంచితే ఇంకా మంచిది.

నా సమయం అయిపోయినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రేక్షకుల్లోంచి ఒక మహిళ: మేడమ్, మా పక్కింటి బాబుకు రెండున్నరేళ్లు. మీరు చెప్పినవన్నీ వాడిలో కనిపిస్తున్నాయి. వాళ్లమ్మకు చెప్పాలా? చెబితే బాధపడుతుందేమో.)

చెప్పండి. కానీ ఆటిజం అనే పేరు మీ నోటితో పెట్టకండి, అది నిపుణుల పని. నలుగురిలో చెప్పకండి, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చెప్పండి. ‘బాబును పిలిస్తే పలకడం లేదు, నువ్వు గమనించావా? ఒకసారి చెవుల పరీక్ష చేయించి, పిల్లల డాక్టరుకు చూపిద్దామా? కావాలంటే నేను తోడొస్తా’ అనండి. చూసింది చెప్పడం, తోడొస్తాననడం, అంతే. ఆమెకూ లోపల అనుమానం ఉండే ఉంటుంది. అప్పటికి కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి, మీరు మాత్రం మాట్లాడటం మానేయకండి. నెల తర్వాత తనే వచ్చి తలుపు తట్టొచ్చు.

(ఒక యువకుడు: మా పాప పుట్టినరోజుకు క్లాసులో అందరినీ పిలుస్తున్నాం. ఆటిజం ఉన్న అబ్బాయి ఒకడున్నాడు. పిలవాలని ఉంది, కానీ ఇబ్బంది పడతాడేమోనని...)

పిలవండి. చాలామంది ‘ఇబ్బంది పడతాడేమో’ అనుకుంటూ పిలవడం మానేస్తారు, ఆ కుటుంబానికి ఏడాది పొడవునా ఒక్క పిలుపూ ఉండదు. ముందు వాళ్లమ్మకు ఫోన్ చేసి, ‘వాడికి తేలిగ్గా ఉండాలంటే ఏం చేయమంటారు?’ అని అడగండి. మిగతా పిల్లల కంటే ఓ అరగంట ముందు రమ్మంటే గుంపు లేనప్పుడు ఇల్లు చూసుకుంటాడు. బెలూన్లు పగలగొట్టే ఆట వద్దు. ఒక గది ఖాళీగా ఉంచి, తలుపు ఎటుందో వచ్చీ రాగానే వాడికి చూపించండి. అందరితో కలిసి చప్పట్లు కొట్టకపోయినా, వచ్చిన పావుగంటకే వెళ్లిపోయినా మీరేమీ అనుకోకండి. వచ్చే ఏడాది మళ్లీ పిలవండి.